కోడి కాలూ, సికిల్స్ కాలూ

గెటీస్‌బర్గ్‌లో గైడును కుదుర్చుకుంటే ఆయన మొదట అడిగేది మన కారు తాళం. స్టీరింగు ఆయనది, మిగతా సీట్లు మనవి. అమెరికా అంతర్యుద్ధంలో అక్కడ జరిగిన మూడు రోజుల యుద్ధాన్ని రెండు గంటల్లో చూపించి ఎక్కించుకున్న చోటే దింపుతారు. పెన్సిల్వేనియాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు ఆ యుద్ధభూమిని అలాగే చూశాను. ఆ పరిచయంతోనే, సందర్శకులు పలచబడిన చలికాలంలో, గైడ్లంతా ఏడాదికోసారి కలిసి చేసే భోజనానికి మా గైడుగారి వెంట అతిథిగా వెళ్లాను.

వీళ్లకు లైసెన్సు ఉంటుంది. 1915 నుంచీ ఉన్న పద్ధతి. నోటికొచ్చిన కథ చెప్పి డబ్బు గుంజేవాళ్ల గొడవ పడలేక పెట్టారు. రాతపరీక్ష గట్టెక్కాక, పరీక్షించేవాళ్లను మైదానమంతా తిప్పుతూ అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. పృచ్ఛకులను కార్లో ఎక్కించుకుని అవధానం చేసినట్టన్నమాట.

ఏడాదంతా చెప్పిందే చెప్పేవాళ్లు కదా, ఈ ఒక్క రాత్రయినా యుద్ధం ఊసెత్తరనుకున్నాను. కుర్చీలో కూర్చోకముందే మొదలైంది. అక్కడ 1,300కు పైగా స్మారకాలున్నాయి. రెండు గంటల్లో ఎన్నింటి దగ్గర ఆగగలరు? చెప్పకుండా దాటేసినవన్నీ కడుపులోనే ఉండిపోతాయి. వినేవాళ్లకూ అన్నీ తెలిసిన చోట అవి బయటికొస్తాయి.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కోడి కాలు కొరుకుతూ ఉత్తరాది జనరల్ సికిల్స్ కాలి సంగతి ఎత్తారు. 1863 జూలై 2న ఫిరంగి గుండు తగిలి ఆయన కుడి కాలు పోయింది. ఆ ఎముకను సైనిక వైద్య మ్యూజియానికి ఇచ్చి, తర్వాత వెళ్లి చూసొచ్చేవాడట. ఆజ్ఞ లేకుండా తన దళాన్ని పీచ్ తోట దాకా నడిపించి కొంప ముంచాడా, నిలబెట్టాడా అని సూప్ దగ్గర మొదలైన వాదన ఐస్‌క్రీమ్ కరిగేదాకా సాగింది. తేల్చుకుందామన్న తొందర ఎవరిలోనూ కనబడలేదు.

రొట్టెల బుట్ట నావైపు జరుపుతూ మా గైడుగారు గొంతు తగ్గించారు. మూడో రోజు పొద్దున అక్కగారింట్లో పిండి కలుపుతున్న ఇరవై ఏళ్ల జెనీ వేడ్‌కు రెండు తలుపులు చీల్చుకొచ్చిన తూటా తగిలింది. ఆ పోరులో నేరుగా ప్రాణం పోయిన ఊరిమనిషి ఆమె ఒక్కతే. “చిన్నపిల్లలున్న కార్లో ఇది చెప్పను,” అన్నారు. మా మనవడు వెంట ఉన్నందుకే ఆ రోజు మాకూ చెప్పలేదని అప్పుడు తట్టింది.

ఇంతలో మాట లింకన్ ప్రసంగం మీదికి మళ్లింది. ఆ ఏడాదే నవంబర్ 19న అక్కడి శ్మశానవాటిక అంకితోత్సవంలో పేరుమోసిన వక్త ఎవరెట్ రెండు గంటలు ప్రసంగించాడు. తర్వాత లేచిన లింకన్ రెండు నిమిషాల్లో ముగించాడు. లోకానికి లింకనే గుర్తున్నాడు. “మనదంతా ఎవరెట్ గోత్రం” అన్న అర్థంలో ఒకాయన ఏదో అంటే అందరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం ఒప్పుకోను. ఆ రోజు మమ్మల్ని తిప్పుతూ, దక్షిణాది జనరల్ పికెట్ దాడి జరిగిన పొలం అంచున మా గైడుగారు ఇంజను ఆపి, పన్నెండు వేలమందికి పైగా నడిచొచ్చిన ఆ మైలు దూరాన్ని చూస్తూ ఊరుకున్నారు. ఎంతసేపో. వెనక సీట్లో మనవడు ఫోను పక్కన పెట్టాడు.

భోజనాలయ్యాక నన్ను తీసుకెళ్లడానికి అల్లుడు వచ్చాడు. సాగనంపడానికి కారు దాకా వచ్చిన గైడుగారు, సికిల్స్ మీద చివరి మాట ఇంకా పూర్తి చేయకుండానే, తాళం కోసం మావాడి ముందు చెయ్యి చాపారు.