సుగాత్రీశాలీనుల తోటపని: అనురాగోదయమున సహవ్యాసంగము

అనురాగము పుట్టుటకు గల కారణములను మన లాక్షణికులు చూచుట, వినుట యను రెండింటిలో ఇమిడ్చిరి. చూచుట ప్రత్యక్షముగ కావచ్చును, చిత్రమున కావచ్చును, స్వప్నమున కావచ్చును. వినుట సఖీముఖమున గాని, వందిజనుల స్తోత్రముల వలన గాని జరుగవచ్చును. ఉషకు స్వప్నము, దమయంతికి హంసవాక్యము, వరూధినికి ప్రత్యక్షదర్శనము కారణములైనవి. ఈ పట్టికలో ఒక కారణమునకు చోటు దొరకలేదు. ఇరువురు ఒకే పనియందు ప్రీతి కలిగి, దానిని కలసి చేయుచుండగా వారి నడుమ అనురాగము జనించుట లోకమున తరచుగ కానవచ్చు విషయము. దీనిని ఈ వ్యాసమున సహవ్యాసంగ మని వ్యవహరింతుము. మన ప్రబంధములలో దీనికి నిజమైన ఉదాహరణము కలదా యనునది ఇచ్చటి ప్రశ్న. కలదనియు, అది పింగళి సూరన కలాపూర్ణోదయమునందలి సుగాత్రీశాలీనుల కథ యనియు మా అభిప్రాయము.

ఉదాహరణములవలె తోచి, పరిశీలింపగా కాకపోవునవి కొన్ని కలవు. వానిని మొదట తొలగింపవలసి యున్నది. ప్రబంధనాయికలలో వీణ నెరుగనివారు అరుదు. మనుచరిత్రమున ప్రవరుడు చూచు సమయమున వరూధిని వీణ మీటుచు పాడుచునే యున్నది. అయినను ఆ వీణ ఆమె రూపవర్ణనమునకు అంగమే కాని, వారి సంబంధమునకు అంగము కాదు. ప్రవరుడు ఆ పాటను గూర్చి ఒక్క మాటయైన పలుకక, ఊరికి త్రోవ యడుగును. ఆమె వ్యాసంగము వేరు, అతని నిత్యాగ్నిహోత్రము వేరు. ఈ రెండును కలియు చోటు ఆ హిమగిరిపై లేదు.

వసుచరిత్రమున స్థితి కొంత మారినది. కోలాహలపర్వత ప్రాంతమున వసురాజు చెవిని గిరిక గానము మొదట సోకును. రూపమునకు ముందు కళ వచ్చుట గమనింపదగిన విశేషమే. సంగీతజ్ఞుడైన రామరాజభూషణుడు దీనిని ప్రీతితో నిర్వహించినాడు. కాని వసురాజు ఇచ్చట శ్రోత, గిరిక గాయని. అతడు ఆమెతో కలసి పాడలేదు. అతనికి కలిగినది కళాభిజ్ఞత వలని ఆకర్షణము. అది శ్రవణమున ఒక భేదమే యగును గాని సహవ్యాసంగము కానేరదు.

ఇక శాస్త్రమును చూతము. వాత్స్యాయనుడు కామసూత్రముల కన్యాసంప్రయుక్తకాధికరణమున కన్య మనస్సును చూరగొన గోరువాడు ఆమెతో కలసి పూలు కోయవలెననియు, దండలు గ్రుచ్చవలెననియు, బొమ్మలాటలు, బొమ్మరిండ్లు మొదలగు వినోదములలో పాల్గొనవలెననియు చెప్పినాడు. సహవ్యాసంగమునకు గల శక్తిని ఆయన గుర్తించినా డనుటకు ఇది చాలును. అయినను అక్కడ అది ఉపాయము. పురుషుని దృష్టి కన్యపై నుండును గాని గ్రుచ్చుచున్న దండపై నుండదు. ఆట ముగిసి కార్యము సిద్ధించినచో దండతో పని లేదు.

సూరన ఈ భేదమును ఎరిగియే కథ నడిపినాడని మేము తలచుచున్నాము. ఆ కావ్యమునందే మరియొక జంటను చూచినచో ఇది స్పష్టమగును. కలభాషిణి, మణికంధరుడు ద్వారకలో సంగీతవిద్యను ఆశ్రయించినవారు. మణికంధరుడు నారదుని శిష్యుడు. కలభాషిణి నారదుని వెంట వీణ గొనిపోయి ఆ విద్యాభ్యాసమునకు దగ్గరగ మెలగినది. వ్యాసంగసామ్యము మాత్రమే అనురాగమునకు చాలినచో వీరిరువురును ఒండొరులను వరింపవలసినదే. అట్లు జరుగలేదు. కలభాషిణి మనస్సు నలకూబరునిపై నిలిచినది. తుదకు వారు కలిసికొన్నను, ఆమె రంభ రూపమునను అతడు నలకూబరుని రూపమునను కలిసికొనిరి. ఇద్దరికిని ఒక విద్య తెలిసియుండుట వేరు, ఒక పనిని ఇద్దరును కలసి చేయుట వేరు. మొదటిది వారిని స్వస్వరూపములతో ఎదుట నిలుపలేకపోయినది.

రెండవదానికి సుగాత్రీశాలీనులు నిదర్శనము. కాశ్మీరమున శారదాపీఠపు అర్చకుని కూతురు సుగాత్రి. ఆమె భర్త శాలీనుడు. శాలీన శబ్దమునకు సిగ్గరి యని యర్థము. అత్తవారింట శయ్యాగృహమున సర్వాలంకారములతో వచ్చిన భార్యను అతడు పలుకరింపనైన పలుకరింపడు. రాత్రులు గడచుచుండును. అత్తగారు విసిగి, అల్లునిచే అమ్మవారి పూలతోటలో పని చేయించును. అవమానముగ విధింపబడిన ఆ పనిని శాలీనుడు శ్రద్ధతో చేయుచుండును. ఒకనాడు గాలివానకు భర్త యేమగునో యని సుగాత్రి కలతపడును. ఆపై ఆమె తోటకు పోయి, అతని శ్రమ చూడలేక, నగలు తీసివైచి తానును తోటపనికి పూనుకొనును. శాలీనునికి భార్యపై మనసు కలుగుట అప్పుడే.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. చెమటతో తడిసిన నిరలంకార సౌందర్యమును చూచుటచేతనే అతనికి కోరిక కలిగినది గదా, ఇదియు ప్రత్యక్షదర్శనమే గదా, యని. ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. సూరన ఆ సౌందర్యమును వర్ణించిన మాట నిజము. కాని దర్శనమే కారణమైనచో ముందటి రాత్రులలో అది ఏల పని చేయలేదు? చూచువాడు ఆతడే, చూడబడినది ఆమెయే. నగలు మాత్రమే అడ్డమైన వందుమా, అది సగము సమాధానము. శయ్యాగృహమున ఆమె చూడబడుటకై వచ్చినది. అతడు చూచుటకై నియోగింపబడినాడు. సఖులు, తల్లి, ఇల్లంతయు ఆ చూపు ఫలించుటకై కాచుకొని యున్నారు. సిగ్గరికి అంతకంటె కఠినమైన పరీక్ష వేరొకటి లేదు. తోటలోనో ఇరువురి చూపులును మొక్కలపై నున్నవి. ఎదురెదురుగ నిలువలేనివాడు పక్కపక్కన నిలువగలిగినాడు. పనిలో పడి తన్ను తాను మరచినప్పుడు గాని అతని సిగ్గు వీడలేదు. నగలు తీసివేయుట గూడ ఆమె అతని మెప్పునకై చేసినది కాదు. పనికి అడ్డమని చేసినది. వాత్స్యాయనుని నాగరకునకును సుగాత్రికిని గల భేద మిదియే.

మరియొక విశేషము. సహవ్యాసంగము వలన పుట్టిన ఈ అనురాగమున భార్యాభర్తల హెచ్చుతగ్గులు సడలినవి. ఇంటిలో అతడు నిరాదరణకు గురియైన అల్లుడు, ఆమె ఇంటి ఆడబిడ్డ. తోటలో ఇద్దరును అమ్మవారి పనివారు. ఈ దంపతులే పిదప మణిస్తంభ సుముఖాసత్తులను పేర కథలో కానవత్తురు. స్త్రీపురుషత్వములనే మార్చుకొని కలాపూర్ణునకు తలిదండ్రులగుదురు. ఆ వింతను పాఠకులు కేవలము అద్భుతకల్పనగ చదువుట కలదు. తోటలో పనిని పంచుకొన్న దంపతులకు తమ స్థానములను గూడ మార్చుకొనుట కావ్యతర్కమునకు దూరము కాదని మా మనవి.

కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వ విచారము 1914లో వెలువడిన నాటినుండియు కలాపూర్ణోదయమును గూర్చిన చర్చలో కథాసంవిధాన చాతుర్యమునకు పెద్దపీట లభించుచున్నది. అది న్యాయమే. కాని ఆ చిక్కుముడుల నడుమ ఈ చిన్న తోటను దాటిపోయినచో సూరన మానవస్వభావ పరిజ్ఞానమునకు అన్యాయము చేసినవారమగుదుము. లక్షణగ్రంథముల పట్టికను చేత బట్టుకొని కావ్యమును చదువు విద్యార్థి ఈ కథను దర్శనజన్యానురాగమను శీర్షిక క్రింద వ్రాసికొని ముందునకు పోవును. మేమును మొదట పాఠము చెప్పినప్పుడు అట్లే చెప్పితిమి. పట్టికలో ఇమడని చోట పట్టికను సవరించుకొనవలెనే గాని కావ్యమును కుదింపరాదు. మన ఇతర ప్రబంధములందును, జానపద గేయకథలందును పనిపాటలలో పుట్టిన అనురాగములను ఈ దృష్టితో వెదకినచో, సూరన ఈ విషయమున ఏకాకియో, లేక పనిపాటల జనమునకు చిరపరిచితమైన సత్యమును ప్రబంధమునకు తెచ్చినవాడో తేలగలదు. రెండవదియే నిజమని మా ఊహ.