రన్‌వే లేని చోట దిగే విద్య

అలాస్కా బుష్ పైలట్లలో, అంటే రోడ్లూ రన్‌వేలూ లేని చోట్లకు ఎగిరేవాళ్లలో, పెద్దపీట ఎవరికంటే నేను డాన్ షెల్డన్‌కే వేస్తాను. మరో దిగ్గజం బాబ్ రీవ్ అభిమానులు నామీద కారాలూ మిరియాలూ నూరినా సరే. 1955లో సుసిట్నా నది మీద, డెవిల్స్ కాన్యన్‌లో అతను చేసిన పని ఒక్కటి చాలు. ఎనిమిదిమంది సైనికుల పడవ ఆ సుడుల్లో ముక్కలైంది. రెండు పక్కలా నిట్టనిలువు కొండగోడలు. షెల్డన్ తన ఏరాంకా సెడాన్‌ని, ఫ్లోట్లు బిగించిన ఆ చిన్న విమానాన్ని, వాళ్లకు ఎగువన నీళ్లమీద దించాడు. ముక్కు ఎగువకే ఉంచి, ఇంజిన్ని పెంచుతూ తగ్గిస్తూ, ప్రవాహం తోస్తుంటే వెనక్కి వెనక్కి జారుతూ వాళ్లున్న బండ దగ్గరికి చేరాడు. ఎక్కించుకున్నాక అక్కణ్ణించి లేవడానికి నది ఒప్పుకోదు. మళ్లీ అలాగే వెనక్కి జారి, సుడులన్నీ దాటి, నీళ్లు నెమ్మదించిన చోట గాల్లోకి లేచాడు. ఆ బండ మీదున్న ఏడుగురినీ విడతలుగా అలాగే తెచ్చాడు. ఆ తర్వాత దిగువన మైళ్ల దూరం వెతికి ఎనిమిదో మనిషినీ తెచ్చాడు. ఇంతటి చెయ్యి మళ్లీ పుట్టలేదని నా నమ్మకం.

ఈ విద్య అక్కడ ఎందుకు పాతుకుందో చెప్పడానికి చరిత్ర ఎక్కువ అక్కర్లేదు. అలాస్కాలో నూటికి ఎనభై ఊళ్లకు రోడ్డు లేదు. రాజధాని జూనోకే లేదు. 1924లో పైలట్ బెన్ ఐల్సన్ ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కి మూడు గంటల్లోపే టపా చేర్చాడు. కుక్కల బండికి అదే దారి దాదాపు మూడు వారాలు. అయిదేళ్ల తర్వాత సైబీరియా తీరాన మంచులో చిక్కుకున్న నానుక్ ఓడ కోసం వెళ్లి అతను ప్రాణమే ఇచ్చాడు. 1932లో జో క్రాసన్ డెనాలి పర్వత శిఖరం కింద మల్డ్రో హిమానీనదం మీద విమానం దించాడు. అప్పట్నించి ఆ పర్వతం పైలట్లకు బడి అయింది.

ఆ బడిలో మొదటి పాఠం చూపు. కింద తెల్లటి మంచు, పైన తెల్లటి మబ్బు. నీడ పడదు. నేల పది అడుగుల కింద ఉందో, వంద అడుగుల కింద ఉందో కంటికి తెలియదు. షెల్డన్ స్ప్రూస్ కొమ్మలు విమానంలో వేసుకెళ్లి, దిగబోయే చోట వరుసగా జారవిడిచేవాడు. తెలుపులో ఆ నల్లటి గుర్తులే అతనికి నేలను చూపించేవి. హిమానీనదం మీద దిగడం వాలుకు ఎదురుగా, పైకి. ఒక హద్దు దాటాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు, ఎదురుగా ఉన్నది కొండే. ఊపు పూర్తిగా చావకముందే విమానాన్ని వాలుకు అడ్డంగా తిప్పి నిలబెట్టాలి, లేకపోతే చక్రాల బదులు బిగించిన స్కీలు వెనక్కి జారతాయి. తిరిగి లేచేది వాలు దిగువకు. 1960లో షెల్డన్ ఇలాగే డెనాలి మీద 14,300 అడుగుల ఎత్తున దిగి, కొండజబ్బుతో ప్రాణం మీదికొచ్చిన ఒక పర్వతారోహకురాలిని కిందికి తెచ్చాడు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2022లో ఎక్కిన శిఖరం ఇదే. ఈనాటికీ డెనాలి ఎక్కేవాళ్లు దాదాపు అందరూ టాల్కీట్నా అనే చిన్న ఊరి నుంచి విమానంలో వెళ్లి, 7,200 అడుగుల ఎత్తున కహిల్ట్నా హిమానీనదం మీదే దిగుతారు. షెల్డన్ ఊరు ఆ టాల్కీట్నాయే.

నది మధ్య కంకర తిన్నె మీద దిగడం మరో విద్య. ముందు తక్కువ ఎత్తులో పైనుంచి పోతూ సెకన్లు లెక్కపెట్టి పొడవు కట్టాలి. తర్వాత చక్రాలు అలా తాకించి, ఆగకుండా లేచిపోవాలి. చుట్టు తిరిగొచ్చి చూస్తే ఆ చక్రాల జాడలో నీళ్లూరి ఉంటే అక్కడ దిగకూడదు. అల లేని సరస్సు ఇంకా మోసం చేస్తుంది, నీటి మట్టం ఎక్కడుందో తెలియనివ్వదు. ఒడ్డు చెట్లను కనిపెట్టుకుంటూ, ముక్కు కాస్త ఎత్తి, నిమిషానికి నూటయాభై అడుగులకు మించకుండా దిగుతూ, నీళ్లు ఫ్లోట్లకు తగిలేదాకా ఓపిక పట్టాలి. చలికాలం రాత్రి ఇంజిన్ నూనె డబ్బాలోకి దింపి, ఇంట్లో వెచ్చగా దాచి, పొద్దున్నే ఇంజిన్ చుట్టూ గుడ్డ కప్పి కింద మంట పెట్టి వేడెక్కించాక మళ్లీ పోసేవాళ్లు పాతకాలం పైలట్లు.

రీవ్‌ని తక్కువ చేశాననుకోకండి. అతను ఎగిరిన వాల్డీజ్ ఊళ్లో వేసవికి మంచు ఉండదు, పైన గనుల దగ్గర మంచు తప్ప మరొకటి ఉండదు. కింద లేవాలంటే చక్రాలు, పైన దిగాలంటే స్కీలు కావాలి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తేలే బురద మీద, స్కీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు తొడిగి, జారించి లేచాడతను! 1937లో పర్వతారోహకుడు బ్రాడ్‌ఫోర్డ్ వాష్‌బర్న్‌ని లుకేనియా శిఖరం దగ్గర వాల్ష్ హిమానీనదం మీద దించాక, మెత్తబడిన మంచులో విమానం కూరుకుపోయింది. రోజుల తరబడి తవ్వుకుని, అనవసరమైన బరువంతా తీసి పారేసి, ప్రొపెల్లర్ రెక్కల వంపును సుత్తితో కొట్టి మార్చి, చివరికి మంచు జారుడు అంచు మీంచి కిందికి దూకించి ఆ పతనంలోనే వేగం సంపాదించుకున్నాడు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ రీవ్ తర్వాత పెద్ద విమానాల కంపెనీ పెట్టుకున్నాడు. షెల్డన్ 1975లో చనిపోయేదాకా డెనాలినే అంటిపెట్టుకున్నాడు.

విమానాల మాటకొస్తే తోకచక్రం ఉన్న పైపర్ సూపర్ కబ్, డి హావిలాండ్ బీవర్, ఈ రెండూ చాలు నాకు. బీవర్ల తయారీ 1967లో ఆగింది. ఇవాళ ఫ్లోట్లమీద ఎగురుతున్న ప్రతి బీవరూ అంతకుముందు పుట్టిందే.

ఇప్పుడు కడుపు మండే సంగతి. ఫోన్ తెరిస్తే బుష్ ఫ్లయింగ్ పేరుతో వందల వీడియోలు. బెలూన్లంత టైర్లు, సీట్లు పీకేసి తేలిక చేసిన విమానం, అరట్యాంకు పెట్రోలు, సరుకు లేదు, మనిషి లేడు, అంతకుముందే పదిమంది దిగిన ఇసుక తిన్నె. నాలుగు గజాల్లో ఆపితే చప్పట్లు. రీవ్ బురదలో లేచిన వాల్డీజ్‌లోనే ఏటా మే నెలలో అతి తక్కువ దూరంలో దిగే పోటీలు జరుగుతున్నాయి. ఆ నేర్పు నేర్పే, కాదనను. కానీ జబ్బుపడ్డ మనిషి, టపా మూటలు, కిరసనాయిలు డబ్బాలు, కమ్ముకొస్తున్న పొగమంచు, వీటన్నిటితో దిగినవాడికే బుష్ పైలట్ అనే పేరు చెల్లుతుంది. కెమెరా కోసం దుప్పి చుట్టూ నెమ్మదిగా గిరగిరా తిరిగి, రెక్కకు పట్టు తప్పి కూలిపోయే కుర్రవాళ్లకు ఆ తేడా ఎవరు చెబుతారు? వాతావరణ కెమెరాలూ, తెరమీద కొండల్ని చూపించే పరికరాలూ ప్రాణాలు కాపాడుతున్నాయి, వాటికి దణ్ణం. ఆ తెరను నమ్మి మూసుకుపోయిన కనుమలోకి దూరేవాళ్లనే నేను తిడుతున్నాను.

గొప్పవాళ్లందరూ వెనక్కి తిరిగినవాళ్లే. కనుమ అవతల వెలుతురు కనబడకపోతే తిరగడానికి చోటుండగానే తిరిగేవాళ్లు. అందుకే లోయ మధ్యలో కాకుండా ఒక పక్కన ఎగరాలని నేర్పుతారు. తిరిగిరానివాళ్లూ ఉన్నారు. 1972 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ సభ్యులు హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ ఎక్కిన విమానం ఆంకరేజ్ నుంచి జూనోకి పోతూ మాయమైంది. ఈనాటికీ దాని జాడ దొరకలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వేసవిలో అలాస్కా వెళ్లి, హిమానీనదం మీద దిగే విమానానికి ముందే డబ్బు కట్టేస్తున్నారు. వాళ్లకు నాదొక విన్నపం. పొద్దున్నే పైలట్ ఆకాశం చూసి ఈరోజు వెళ్లం అంటే, బేరమాడకండి, రేపు మాకు తిరుగు ప్రయాణం ఉందని ఒత్తిడి చెయ్యకండి, పక్క కంపెనీవాణ్ణి వెతక్కండి. వెళ్లనని చెప్పగలిగినవాడి దగ్గరే టిక్కెట్టు కొనండి.