ఎవరి కంటా పడని కథానాయకుడికి

స్మైలీ, నీకు ముఖం వెతకడం ఎంత కష్టమయ్యా! పొట్టిగా, బొద్దుగా, దళసరి కళ్లద్దాల చాటున, ఖరీదైనదే అయినా ఒంటికి అమరని కోటులో నిన్ను 1961లో లోకంలోకి నడిపించాడు నవలాకారుడు జాన్ లె కారె. తానూ గూఢచారిగా పనిచేసినవాడు. గుంపులో కలిసిపోయేవాడికే ఆ వృత్తిలో నూకలుంటాయని ఎరిగినవాడు. తెరకేమో గుంపులోంచి తేలి కనపడేవాడు కావాలి. ఈ తగవు తీర్చే నటుడెవరు?

1966లో జేమ్స్ మేసన్ నువ్వయ్యాడు, నీ పేరు లేకుండానే, చార్లెస్ డాబ్స్‌గా. 1979లో బీబీసీ వారు అలెక్ గిన్నిస్‌ని పిలిచారు. నీ అంత లావు లేనే అని ఆయన సందేహపడ్డాడట. లావెవడికి కావాలి! అద్దాలు తీసి టై కొసతో ఆయన తుడుస్తుంటే, ఆ కాస్త ఆలస్యం భరించలేక ఎదుటివాడే నోరు జారతాడు. 2011లో గ్యారీ ఓల్డ్‌మన్ ఇంకో అడుగు వేశాడు. ఢిల్లీ జైల్లో నీ ప్రత్యర్థి, సోవియట్ గూఢచారి కార్లాతో జరిగిన నీ భేటీని ఫ్లాష్‌బ్యాక్ లేకుండా, ఖాళీ కుర్చీతో మాట్లాడి చూపించాడు. ఆ ఏడు ఉత్తమ సహాయ నటుడి బహుమతి నేనైతే ఆ కుర్చీకే ఇచ్చేదాన్ని.

అయినా మనసు ఊరుకోదు. మద్రాసు స్టూడియో దీపాలు వెలిగించి గుమ్మడిని పిలుస్తుంది. 1955లో 'అర్ధాంగి'లో, తనకంటే పెద్దవాడైన అక్కినేనికి తండ్రిగా నిలిచిన మనిషి. అలసటను ఎక్కణ్ణుంచీ అరువు తేనక్కర్లేదు. ఆ మెత్తని గొంతుతో నువ్వు ప్రశ్న వేస్తే, అది ప్రశ్నని తెలిసేలోపే జవాబు చెప్పేస్తాం. మీ గూఢచారి సంస్థలోనే దాగిన ద్రోహి బిల్ హేడన్‌గా జగ్గయ్య: గదిలోకి రాగానే గది ఆయనదైపోవాలి. మిగతా ముగ్గురు అనుమానితులకూ అంతటి నటులే కావాలి సుమా. ఒక్కడే పేరున్నవాడైతే ప్రేక్షకుడు పోస్టరు మీదే ద్రోహిని పట్టేస్తాడు.

మీ సంస్థలో పరిశోధకురాలు కోనీ శాక్స్‌కి సూర్యకాంతం. ఫైళ్లన్నీ కంఠస్థమైన ఆ తల్లి తన కుర్రాళ్లను తలుచుకుని తిట్టాలి, ఆ తిట్టులోనే ఏడవాలి.

నీ భార్య ఆన్‌కి ఎవరినీ పిలవను. ఆమె నీకిచ్చిన లైటర్ మీద రెండు పేర్లూ కనబడితే చాలు.

ఇక కార్లా. ప్యాట్రిక్ స్టీవర్ట్ అంతటి కంఠమున్నవాడు ఒక్క మాటా ఆడకుండా చేశాడా పాత్రని. నాకు ఎస్వీ రంగారావు కావాలి. ఘటోత్కచుడై గర్జించిన ఆ గొంతుకి తాళం వేసి, ఢిల్లీ ఎండలో, ఖైదీ బట్టల్లో, నీ ఎదుట కూర్చోబెడతాను. నువ్వు బతిమాలతావు, భార్య సంగతి ఎత్తుతావు, సిగరెట్లు అందిస్తావు. ముట్టుకోడు. లైటర్ మాత్రం పట్టుకుపోతాడు. ఆ కనుబొమ ఒక్కటి లేస్తే చాలు, డైలాగు రచయితకి ఆ పూట సెలవు.