వెంకటేశానికి గిరీశం దొరికాడు, బుచ్చమ్మకెవరు?

అనకాపల్లికి దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేసిన సంవత్సరం నా చేతికి ఒక రిజిస్టరు ఇచ్చారు. అట్ట మీద 'మెంటార్ - మెంటీ' అని రాసి ఉంది. మొదటి సంవత్సరం పిల్లలు ఇరవైమంది నా వంతుకి వచ్చారు. లోపల గడులు: విద్యార్థి పేరు, నంబరు, తండ్రి పేరు, తండ్రి ఫోను, హాజరు శాతం, గమనించిన సమస్య, తీసుకున్న చర్య. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కనక ఏ కాగితం చేతికొచ్చినా దాన్నొక పాఠ్యంగా చదవడం నాకు అలవాటు. కానీ ఆ సంవత్సరం ఆ రిజిస్టరుని నింపుతూ పోయానే తప్ప చదవలేదు. చదవడం చాలా ఆలస్యంగా మొదలైంది. ఈ వ్యాసం ఆ ఆలస్యం గురించే.

కాలేజీకి కొత్తగా వచ్చిన పిల్లలకి తోడుండాలన్న మాట ఇప్పుడు ప్రభుత్వ పత్రాల్లో బాగానే వినబడుతోంది. 2019లో యు.జి.సి. 'దీక్షారంభ్' పేరుతో కొత్త విద్యార్థుల ప్రవేశ కార్యక్రమానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2017లో సవరించిన న్యాక్ పద్ధతిలో ఒక్కో మెంటార్‌కి ఎంతమంది విద్యార్థులన్న నిష్పత్తిని లెక్కగట్టడం వచ్చింది. ఉద్దేశం మంచిదే, కాదనను. అయితే దారి చూపడమంటే ఏమిటి, ఎవరు ఎవరికి చూపుతారు, బదులుగా ఏం కోరతారు అన్న ప్రశ్నలు నిష్పత్తుల్లో ఇమడవు. ఆ ప్రశ్నలు మన సాహిత్యంలో నూరేళ్లకి పైగా నలుగుతూనే ఉన్నాయి.

తెలుగువాళ్లందరికీ తెలిసిన మెంటార్ గిరీశం. 'కన్యాశుల్కం' (1897, తిరగరాసిన కూర్పు 1909) మా ఉత్తరాంధ్ర నేల మీద నడిచిన నాటకం. సంఘసంస్కరణ నాటకంగా, వాడుకభాషకి పట్టంగట్టిన నాటకంగా దాన్ని ఎన్నోసార్లు చదువుకున్నాం. చదువు ఎవరికి ఎలా అందుతుందో చెప్పే నాటకంగా చదివింది తక్కువ.

వెంకటేశం పరీక్ష తప్పాడు. తప్పినవాడికి సెలవుల్లో చదువు చెబుతానన్న వంకతో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. గురుశిష్యుల మధ్య దొర్లే ఇంగ్లీషు విని తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. అది చదువో గారడీయో తేల్చుకునే సాధనం ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. మనం నవ్వుకుంటాం. కానీ ఆ ఇంట్లోనే ఇద్దరు ఆడపిల్లలున్నారు. బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువైంది. సుబ్బికి పద్దెనిమిది వందల రూపాయలకి ముసలి లుబ్ధావధాన్లుతో సంబంధం ఖాయమవుతోంది. తప్పి మళ్లీ చదువుకునే వెసులుబాటు ఆ ఇంట్లో మగపిల్లాడొక్కడికే ఉంది.

గిరీశం మోసగాడే. అయినా వెంకటేశానికి అతను ఇచ్చింది ఒకటుంది. చదువుకున్నవాళ్ల లోకంలో ఎలా మాట్లాడాలి, ఎలా నిలబడాలి, తెలియని చోట బెదరకుండా ఎలా నెగ్గుకురావాలి అన్న పుస్తకాల్లో లేని విద్య అది. ఇంట్లో మొదటిసారిగా కాలేజీ గడప తొక్కిన అమ్మాయికి కరువైంది సరిగ్గా అదే. 'క్రెడిట్' అంటే ఏమిటి, ఇంటర్నల్ మార్కులు ఎవరు వేస్తారు, లైబ్రరీలో పుస్తకం ఎలా అడగాలి, అర్థం కాలేదని లేచి చెప్పవచ్చా? ఇవి సిలబస్‌లో ఉండవు. అన్నదమ్ములో చదువుకున్న తండ్రో ఉన్న ఇంట్లో అన్నంతోపాటు అందుతాయి. లేని ఇంటి పిల్ల వీటిని తన తెలివితక్కువతనం అనుకుంటుంది.

నాటకం చివర బుచ్చమ్మని పూనాలోని విడోస్ హోమ్‌కి పంపి చదివించాలని సౌజన్యారావు నిర్ణయిస్తాడు. కర్వే 1896లో అక్కడ వితంతువుల కోసం ఆశ్రమం ప్రారంభించిన కాలం కనక అది ఊహాలోకపు పరిష్కారమేమీ కాదు. అయితే ఆ నిర్ణయం జరిగేటప్పుడు బుచ్చమ్మ రంగస్థలం మీద లేదు. కథ అడ్డం తిరిగిందన్న వేదన గిరీశానిది. తెర పడుతుంది. అసలు కథ మొదలు కావలసింది అక్కడ. భాష తెలియని ఊళ్లో మొదటిరోజు ఆమె పక్కన ఎవరు కూర్చున్నారు? రాత్రి ఏడుపొస్తే ఎవరితో చెప్పుకుంది? గురజాడని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆయన నాటకం ఆగిన చోటే మన విద్యావిధానమూ ఆగిందని అంటున్నాను. ప్రవేశం దొరకగానే పని పూర్తయిందనుకుంటాం.

భండారు అచ్చమాంబ (1874-1905) దగ్గర మరో దారి కనిపిస్తుంది. 1902లో అచ్చయిన ఆమె కథ 'స్త్రీవిద్య' భార్యాభర్తల సంభాషణగా సాగుతుంది. భర్త చదువు అవసరాన్ని వివరిస్తాడు, భార్య ఒప్పుకుంటుంది. ఆనాటి సంస్కరణ సాహిత్యం ఎక్కువగా ఈ అచ్చులోనే పోసినది. ఇంటి మగవాడు పైనుంచి అందిస్తాడు, చదువుకి గమ్యం మంచి ఇల్లాలు కావడం. కానీ రచయిత్రి సొంత జీవితం ఆ అచ్చులో పట్టదు. ఆమెకి చిన్నవయసులోనే పెళ్లయింది. బడికి వెళ్లలేదు. తనకన్నా చిన్నవాడైన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూంటే తోడు కూర్చుని నేర్చుకుంది. ఆ తర్వాత 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, ఊళ్లు తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించింది. పక్కన కూర్చుని పొందినదాన్ని మళ్లీ మరికొందరి పక్కన కూర్చునే పంచింది. కథలో రాసినదానికంటే బతుకులో ఆమె చూపిన పద్ధతి ముందుకు వెళ్లిందని నాకనిపిస్తుంది.

ఈ రెండో పద్ధతిని కథగా మలిచిన రచయిత్రి పి. సత్యవతి. 'ఇల్లలకగానే' కథలో చదువుకున్న ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. పిల్లలకి ఆమె అమ్మ, పనిమనిషికి అమ్మగారు. చివరికి పాత స్నేహితురాలు ఎదురుపడి పేరుపెట్టి పిలుస్తుంది, నువ్వు క్లాసులో ఫస్టు వచ్చేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తుచేస్తుంది. దీన్ని మనం గృహిణి అస్తిత్వం కోల్పోయిన కథగా సరిగానే చదివాం. నేనిప్పుడు ఆ స్నేహితురాలి వైపు నుంచి చదువుతున్నాను. ఆమె ఉపదేశం చెయ్యదు, సంస్కర్త కాదు. ఒకప్పుడు ఒకే క్లాసులో కూర్చున్నది కనక ఈమెకి ఏమేం వచ్చో ఆమెకి జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకమే ఆమె చేసిన సాయం.

ఇక నా రిజిస్టరు సంగతి.

నా ఇరవైమందిలో మాడుగుల వైపు పల్లె నుంచి వచ్చే అమ్మాయి ఒకరు. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమమే అన్నారు కనక బి.కాం.లో చేరగానే అంతా ఇంగ్లీషైపోయింది. దసరా తర్వాత హాజరు పడిపోయింది. 75 శాతం లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. నేను నిబంధన ప్రకారం తండ్రికి ఫోన్ చేశాను. "రోజూ కాలేజీకనే బయల్దేరతాది కదండీ" అన్నాడాయన. ఒక్క క్షణం ఆగి, "సరేనండి, మేం చూసుకుంటాం" అన్నాడు. 'తండ్రికి తెలియపరచడమైనది' అని ఆఖరి గడిలో రాశాను. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

ఏడాది దాటాక అనకాపల్లి కాంప్లెక్స్‌లో కనిపించింది. అచ్యుతాపురం బట్టల కంపెనీలో పని, డ్యూటీ దిగి వస్తోంది. తనే పలకరించింది. ఆ రోజుల్లో ఎక్కడికి పోయేదానివని అడిగాను. క్లాసులో అకౌంట్స్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. ఫైనలియర్ అక్క ఒకామె ఖాళీ దొరికినప్పుడల్లా ఇదే కాంప్లెక్స్‌లో సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి తెలుగులో చెప్పేదట. ఆ అక్క ఖాళీ, ఈమె క్లాసు ఒకే వేళకి పడేవి.

"నన్నడిగుంటే చెప్పేదాన్ని మేడమ్. మీరు మా నాన్నకి చేసేరు."

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

అప్పుడు ఇంటికొచ్చి ఆ రిజిస్టరుని జ్ఞాపకం నుంచి చదవడం మొదలుపెట్టాను. అందులో తండ్రి నంబరుకి గడి ఉంది, అమ్మాయి నంబరుకి లేదు. 'గమనించిన సమస్య' ఉంది, గమనించేది నేను. ఆమె చెప్పుకునే చోటు లేదు. ఆమె నిజంగా చదువుకున్న గంటలన్నీ అందులో గైర్హాజరుగా నమోదయ్యాయి. బుచ్చమ్మ లేకుండా బుచ్చమ్మ గురించి తీర్మానం చేసిన రంగమే ఇది. ఈసారి సౌజన్యారావు కుర్చీలో నేను కూర్చున్నాను. స్త్రీవాదం మీద సెమినార్లలో పత్రాలు చదివిన నేను తండ్రి అధికారానికి కాలేజీ నుంచి నడిచే టెలిఫోను తీగనయ్యాను. పితృస్వామ్యం ఎక్కడో బయట ఉంటుందని, మనం దాన్ని విమర్శించేవాళ్లమని అనుకోవడం ఎంత సుఖమో!

అందుకని సీనియర్ అక్కల మంచితనానికి ఈ పని వదిలేస్తే సరిపోతుందని నేననను. పక్కన కూర్చోవడం కూడా అమాయకమైన విషయం కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరి డబ్బాలో ఎవరు చెయ్యిపెడతారు అన్నది మన క్లాసురూముల్లో ఇంకా కులం చూసే నిర్ణయమవుతుంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' స్త్రీలందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి మాట్లాడే అలవాటుని ప్రశ్నించింది. సత్యవతి కథలోని స్నేహితురాలు అందరికీ దొరకదు. దొరకనివాళ్లకి ఆ బల్లని కాలేజీయే వెయ్యాలి.

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. మొదటి సంవత్సరం టైమ్‌టేబుల్‌లో వారానికి రెండు గంటలు సీనియర్లు తెలుగులో పాఠం విప్పి చెప్పడానికి కేటాయించవచ్చు. ఆ గంటలు ఇద్దరికీ హాజరులో పడాలి, చెప్పే అమ్మాయికి క్రెడిట్ కూడా రావాలి. రిజిస్టరులో మొదటి ఫోను నంబరు విద్యార్థిదే ఉండాలి. తన దగ్గర ఫోను లేకపోతే ఆమెని నమ్మకంగా కలుసుకునే చోటు రాసుకోవాలి. ప్రాణాపాయమైతే తప్ప ఆమెని అడగకుండా ఇంటికి కబురు వెళ్లకూడదు. ఇంకొకటి కూడా ఉంది. 'ఆడపిల్లల సంగతులు మీరైతే బాగా చూస్తారు' అంటూ ఈ పనిని ఉద్యోగ భద్రత లేని అధ్యాపకురాళ్ల మీద మోపడం మానాలి. ఇంట్లో జీతం లేని సేవ మనకు తెలుసు, కాలేజీలో దాని కొత్త పేరు మెంటారింగ్ కాకూడదు. ఆ పనిని పనిభారం లెక్కల్లోకి ఎక్కించాలి.

కాంప్లెక్స్‌లో ఆమె పక్కన ఇంకో అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో ఓపెన్ డిగ్రీ దరఖాస్తు. "దీనికి నేను చెప్తున్నాను మేడమ్, జర్నల్ ఎంట్రీ వరకూ నాకొచ్చు కదా" అంది మా అమ్మాయి. మరి నువ్వూ కట్టవచ్చు కదా అంటే నవ్వి, బస్సు వచ్చిందని పరుగెత్తింది.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయడం లేదు, ఈసారి ఆమెని అడగకుండా ఏమీ చెయ్యదలుచుకోలేదు. ఈ పత్రిక చదివే మనలో చాలామందికి మొదటి సంవత్సరం కాలేజీలో పక్కన కూర్చుని పాఠం విప్పి చెప్పిన మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మన ఆత్మకథల్లో, పరిశోధన గ్రంథాల ముందుమాటల్లో గైడుకీ భర్తకీ కృతజ్ఞతలుంటాయి. ఆ మనిషి ప్రస్తావన అరుదు. వాళ్ల గురించి రాయడం మొదలుపెడితే బుచ్చమ్మ పూనాలో దిగిన తర్వాతి అంకం కొంతైనా మన చేతికి వస్తుంది.