సింగరేణి చరిత్రలో ‘కనుగొనడం’

సింగరేణి చరిత్ర రచన సాధారణంగా విలియం కింగ్‌తో ఆరంభమవుతుంది: 1870ల తొలినాళ్లలో ఆయన ఇల్లందు ప్రాంతంలో బొగ్గును ‘కనుగొన్నాడు’. ఆ క్రియకు కర్త ఒక్కడే. తవ్విన చేతులకు వాక్యంలో చోటు లేదు. (సింగరేణి ఒక ఊరి పేరని గోదావరిఖనిలో పెరిగిన నాకు పరిశోధనలోకి వచ్చాకే తెలిసింది.)

1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇక్కడి గనులను చేపట్టింది. ఆ కంపెనీ వ్యవహారంపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘాన్నే నియమించింది. అయినా మన నవలా విమర్శ గడీని చూసినంతగా గనిని చూడలేదు. ‘ప్రజల మనిషి’ని చదివిన పద్ధతిలోనే పి.చంద్ ‘శేషగిరి’ని చదివితే లండన్ పెట్టుబడి కనబడదు. 1945లో కంపెనీ వాటాలు నిజాం పక్షానికి చేరాయి. అంతకుముందు వేరువేరుగా ఉన్న పాలకుడు, యజమాని అప్పుడే ఒక్కటయ్యారు. ‘నిజాం వ్యతిరేకత’ అన్న మాటను అంతకు పూర్వపు గని కార్మికునికి యథాతథంగా అన్వయించలేం.