ప్రశ్న అడిగించిన పాఠం, జవాబు చెప్పిన పాఠం: నెల్లూరు అక్షరాస్యతా వాచకాలపై ఒక పరిశీలన

యౌవనస్థులకు విమర్శనాత్మక ఆలోచన నేర్పుట గురించి చర్చ వచ్చినప్పుడు మనం సాధారణంగా విదేశీ విద్యావేత్తలను ఆశ్రయిస్తాం. బ్రెజిల్ దేశస్థుడైన పాలో ఫ్రేరీ పేరు తప్పక వినబడుతుంది. అయితే మన నెల్లూరు జిల్లాలోనే ఒక అక్షరాస్యతా వాచకం ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టింది. సారా వ్యతిరేక ఉద్యమ చరిత్రలో ఆ వాచకం పేరు తరచుగా వినబడుతుంది. ఉద్యమానికి కారణంగా కాక, ఒక బోధనా రచనగా దానిని తూచి చూచుట ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నేపథ్యం

1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. 15 నుండి 35 ఏండ్ల వయస్సు వారు దాని లక్ష్యం. 1990లో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటించబడింది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం కార్యక్రమం మొదలయింది. పగలు కూలికి వెళ్లిన స్త్రీలు రాత్రి పలక పట్టుకొని కూర్చున్నారు. వారు చదివిన పాఠాలలో సారా సమస్యను ముందుంచిన ‘సీతమ్మ కథ’ ఒకటి. కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. వారిలో రోశమ్మ పేరు రాష్ట్రమంతటా తెలిసింది. ఆ విజయమే తరువాత ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో స్త్రీలు సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది.

రెండు పాఠాలు, రెండు పద్ధతులు

ఈ రెండు పాఠాలను ఒకే గాటన కట్టుట సరికాదు. మొదటిది కథ. అందులో చెప్పినది నిజమో కాదో తేల్చుకొనుటకు చదువరి వేరే గ్రంథం తెరవనక్కరలేదు. ఇంటికి ఎంత కూలి వచ్చింది, అందులో సారాకు ఎంత పోయింది, పొయ్యి మీదికి ఎంత మిగిలింది అనే లెక్క ఆమె చేతిలోనే ఉంది. ‘నా ఖర్మ’ అనుకొన్నది పక్కన కూర్చున్న ఆమెకు కూడా ఉన్నదని తెలియగానే అది ఖర్మ కాక సమస్య అయింది.

రెండవ పాఠం పేరులోనే ముగింపు ఉంది. సాక్ష్యంగా దాని విలువ గొప్పది. తమవంటి వారు సాధించిన దానిని అచ్చులో చదువుట సామాన్య విషయం కాదు. కాని బోధనగా చూచినప్పుడు అది చదువరిని ఆలోచించమనదు, అనుసరించమంటుంది. ‘దాని వలన దుకాణాలు మూతబడ్డాయి కదా, ఇంకేమి కావాలి?’ అని ఎవరైనా అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దుకాణం మూతబడుట ఉద్యమానికి కొలత. పాఠానికి కొలత మరొకటి: నేర్చుకొన్న ప్రశ్నను విద్యార్థి పాఠం ఇచ్చిన వారివైపు కూడా త్రిప్పగలడా? ఇక్కడ వాచకాన్ని పంచినదీ ప్రభుత్వమే, సారా వేలం వేసినదీ ప్రభుత్వమే. దుకాణం ముందు మొదలైన స్త్రీలు వేలంపాట దాకా నడిచారు. ఆ నడకలోనే నిజమైన చదువు కనిపిస్తుంది.

పార్టీల వరుస

1980లలో తెలుగుదేశం ప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు సరఫరా చేసింది. 1992లో స్త్రీలు ఎదిరించినది కాంగ్రెస్ ప్రభుత్వ వేలాన్ని. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చినది మరల తెలుగుదేశమే; 1997లో దానిని సడలించినదీ అదే పార్టీ ప్రభుత్వం. దశలవారీ నిషేధం వాగ్దానం చేసి వచ్చిన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం 2019లో మద్యం దుకాణాలను తానే నడిపింది. 2024 అక్టోబరులో కూటమి ప్రభుత్వం వాటిని మరల ప్రైవేటు వారికి అప్పగించింది.

ఈ వరుసలో గర్వంగా చెప్పుకొనే సంవత్సరాలు ఉన్నాయి, దాచుకొనే సంవత్సరాలూ ఉన్నాయి. నేటి యువకుడు తన పార్టీకి గర్వకారణమైన సంవత్సరాన్నీ, ఎదుటి పార్టీకి సిగ్గుచేటైన సంవత్సరాన్నీ మాత్రమే ఫోనులో చదువుతున్నాడు. అతడు చదివినది అబద్ధం కాకపోవచ్చు, సగం మాత్రమే. అన్ని సంవత్సరాలనూ ఒకే నల్లబల్లపై వ్రాయుట ఉపాధ్యాయుని మొదటి పని.

తీరప్రాంతానికి అన్వయం

దూబగుంట మెట్ట గ్రామం. సముద్రపు ఒడ్డున ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాలలో నేటి ‘సారా’ వంటి ప్రశ్న ఏది? రొయ్యల గుంటలు ఒకటి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల సాగును నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం ద్వారా తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడి, అనుమతులకు దారి తెరచింది. ఒకే యువజన కూటంలో గుంట యజమాని కుమారుడు, గుంటలో కూలి చేసే స్త్రీ కుమార్తె, పట్టపువారి పిల్లవాడు కూర్చుంటారు. ఒకరికి అది పక్కా ఇల్లు, ఒకరికి రోజు కూలి, ఒకరికి ఉప్పుబారిన బావి.

రెండవ రకం పాఠం వ్రాయుట తేలిక: ‘గుంటలు పూడ్చండి’ అనో, ‘అభివృద్ధికి అడ్డురాకండి’ అనో. మొదటి రకం కష్టం. అందులో ప్రతి విద్యార్థి తాను చూచినది మాత్రమే తెచ్చి బల్లపై పెట్టాలి: బావి నీటి రుచి, కూలి రేటు, కౌలు లెక్క. తరువాత, ‘ఏది నిరూపించబడితే నేను నా మాట మార్చుకొంటాను?’ అని ఎవరికి వారే వ్రాసుకోవాలి. చివరకు, ‘నా పార్టీ నన్ను అడుగవద్దనే ప్రశ్న ఏది?’ అని అడుగుకోవాలి.

ఇక్కడ బోధకునికే పరీక్ష ఉంది. మన కూటాల ఖర్చుకు చందా ఇచ్చే వారిలో గుంటల యజమానులు ఉంటారు. కనుకనే మనకు జవాబు ముందే సిద్ధం చేసిన పాఠాలు ఇష్టమవుతాయి. వాటిలో ఎవరు నొచ్చుకొంటారో ముందే తెలిసిపోతుంది. ప్రశ్న వదిలిన పాఠం అలా కాదు, అది ఎవరి గడపకు చేరుతుందో ముందుగా చెప్పలేం.

ముగింపు

‘సీతమ్మ కథ’ను మనం పొగడుట చాలదు. మన యువజన పాఠ్యపుస్తకాలను దానితో పోల్చి చూడాలి. ప్రతి పాఠం చివర ఇచ్చే ప్రశ్నలలో, జవాబు పాఠంలోనే దొరకని ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో లెక్కించాలి. ఒక్కటి కూడా లేకపోతే, మనం పిల్లలకు ఆలోచించుట నేర్పడం లేదు. మన పక్షం మాటలు వల్లె వేయిస్తున్నాం. అటువంటి పిల్లలను రేపు మరొక పక్షం వారు తమ మాటలు వల్లె వేయించుటకు తీసుకొనిపోతే మనం ఆశ్చర్యపడనక్కరలేదు.