కీలులోకి రెండు దారులు

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ రుమటాయిడ్ కీళ్లవాతానికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మందు ఇచ్చాడు. కదల్లేక పడి ఉన్న రోగి కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. అయితే ఆ మందు కీళ్ల దగ్గరే ఆగలేదు. ఎక్కువకాలం వాడినవాళ్లకు ముఖం ఉబ్బింది, ఎముకలు గుల్లబారాయి, షుగర్ పెరిగింది. స్టెరాయిడ్‌ను వాచిన కీలు వరకే ఎలా చేర్చాలన్న తపన అప్పుడే మొదలైంది.

ఫిలడెల్ఫియా వైద్యుడు జోసెఫ్ హాలండర్ 1951లో చూపిన దారి సూటిది: హైడ్రోకార్టిజోన్‌ను సూదితో కీలులోకే ఎక్కించడం. అక్కడ కార్టిజోన్ అంతగా పనిచేయలేదు. అది హైడ్రోకార్టిజోన్‌గా మారితేనే గుణం ఇస్తుంది, ఆ మార్పు ప్రధానంగా కాలేయంలో జరుగుతుంది. ఈ చిన్న తేడాను పట్టుకోవడమే హాలండర్ గొప్పతనం అంటాను.

రెండో దారి రక్తం గుండా. 2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మెట్సెలార్, స్టార్మ్ బృందం ప్రెడ్నిసోలోన్ అనే మరో స్టెరాయిడ్‌ను సుమారు 100 నానోమీటర్ల లైపోజోముల్లో, అంటే కొవ్వు బుడగల్లో నింపి ఎలుకల రక్తంలోకి పంపింది. వాపున్న చోట రక్తనాళాల గోడలు వదులవుతాయి. బుడగలు ఆ సందుల్లోంచి జారి కీలు పొరలో చేరితే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు వాటిని మింగుతాయి. ఒక్క మోతాదుతో దాదాపు వారం రోజులు వాపు పూర్తిగా అణిగింది. అదే మోతాదును బుడగ లేకుండా ఇస్తే ఏ ఫలితమూ కనిపించలేదు.

సూదికి దారి చూపాల్సింది వైద్యుడి చెయ్యి. లైపోజోముకు వాపే దారి చూపుతుంది. ఆలోచనగా రెండోదే మేలైనది, ఎందుకంటే రుమటాయిడ్ కీళ్లవాతం తరచూ రెండు చేతుల వేళ్లనూ మణికట్లనూ ఒకేసారి పట్టుకుంటుంది. అన్ని కీళ్లకూ ఎన్నిసార్లని సూది గుచ్చుతారు? కానీ ఆ బుడగల్లో పెద్దభాగం కాలేయం, ప్లీహం పాలవుతుంది. పైగా ఎలుకలో కృత్రిమంగా తెప్పించిన వాపు కొన్ని వారాలది, మనిషిది ఏళ్ల తరబడి సాగేది. సూది మందు కూడా పూర్తిగా కీలులోనే ఉండిపోదు. మధుమేహం ఉన్నవాళ్లకు కొన్నాళ్లు షుగర్ పెరగడమే అందుకు సాక్ష్యం.

అందుకే ఇలాంటి పరిశోధనల్లో వాపు ఎంత తగ్గిందన్న లెక్క ఒక్కటే నాకు చాలదు. మిగతా ఒంటికి ఎంత మందు చేరిందో, అది ఎముకలను ఏం చేసిందో కూడా చెప్పాలి.

ఒకటి రెండు కీళ్లే వాచి ఉంటే సూది సంగతి మీ వైద్యుణ్ని అడగండి. వాడుతున్న స్టెరాయిడ్ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.